నూనె ఒలికితే ముందు పీల్పించండి, తర్వాతే కడగండి

నూనె ప్యాకెట్ మూల కత్తిరించి డబ్బాలోకి వంచుతుండగా చేయి జారింది. డబ్బాలో పడింది కొంచెమే, మిగిలిందంతా నేల మీదే. ఇలాంటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు వెంటనే బకెట్టు నీళ్లు, సబ్బుపొడి పట్టుకొని వస్తారు. ఆ బకెట్టును గుమ్మం దగ్గరే ఆపండి.

లీటరు నీరు కిలో తూగితే, లీటరు వంటనూనె 910 నుంచి 920 గ్రాములే తూగుతుంది. అంటే నీళ్లు పోసిన మరుక్షణం నూనె పైకి తేలుతుంది, నీరు పారిన చోటికల్లా తానూ పోతుంది. గ్యాస్ సిలిండర్ కిందికి, ఫ్రిజ్ వెనక్కి, రాళ్ల సందుల్లోకి, గడప దాటి హాల్లోకి. అప్పటిదాకా రెండడుగుల మేర ఉన్న మడుగు గదంతా అయ్యి కూర్చుంటుంది. సబ్బు వేస్తే నూనె సన్నని బిందువులుగా విడిపోయి నీళ్లలో కలుస్తుంది. పలుచని జిడ్డుకు సరిగ్గా అదే కావాలి. అర లీటరు నూనెకు మాత్రం ఆ సబ్బు ఏ మూలకూ చాలదు. తెల్లటి జారుడు నురగ మిగులుతుంది. దాన్ని తూములోకి తోస్తే లోపల నూనె మళ్లీ విడిపోయి గొట్టం గోడలకు పట్టుకుంటుంది.

కాబట్టి వరుస ఇది: పారకుండా ఆపడం, ఎత్తగలిగినంత ఎత్తేయడం, మిగిలినదాన్ని పొడి వస్తువుతో పీల్పించడం, అన్నిటికంటే చివర సబ్బునీళ్లతో కడగడం. మొదటి మూడు పనులూ నీటి చుక్క తగలకుండా జరగాలి. అవి సరిగ్గా జరిగితే నాలుగోది పది నిమిషాల పని.

మొదటి రెండు నిమిషాలు

శుభ్రం చేయడం కంటే ముందు మనుషుల సంగతి చూడండి. నున్నటి టైల్స్ మీద నూనె పడితే కంటికి సరిగ్గా కనిపించదు. పెద్దవయసు వాళ్లు ఒక్కసారి జారితే తుంటి ఎముక విరగవచ్చు. పిల్లల్నీ పెద్దల్నీ అవతలి గదిలోనే ఉండమని గట్టిగా చెప్పండి. దారికి అడ్డంగా ఒక కుర్చీ వేయండి. మీ కాళ్ల కింద రెండు పాత వార్తాపత్రికలు పరిచి వాటి మీదే నిలబడి పని చేయండి. నూనె అంటిన చెప్పులతో ఇంకో గదిలో అడుగు పెట్టకండి.

స్టవ్ వెలుగుతుంటే కట్టేయండి. ఇది మరిచిపోకూడని మాట, ఎందుకంటే తర్వాత మనం పిండి చల్లబోతున్నాం. గాలిలో లేచిన పిండి మంటకు తగిలితే గుప్పున అంటుకుంటుంది. మూకుడులో నూనెకే నిప్పు అంటుకుంటే దాని మీద నీళ్లు పోయకండి, పిండీ చల్లకండి. గ్యాస్ ఆపి, మూకుడు మీద సరిపడా మూత పక్క నుంచి జరిపి పెట్టి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి.

ఒలికింది కాగిన నూనె అయితే ఆగండి. గారెలు, పూరీలు వేయించే నూనె సుమారు 180 డిగ్రీల వేడిలో ఉంటుంది. కాగితం వేసినా, చేయి పెట్టినా ప్రమాదమే. చుట్టూ ఎవరూ రాకుండా చూసుకొని చల్లారనివ్వండి. చర్మం మీద పడితే కాలిన చోట 20 నిమిషాలపాటు కుళాయి కింద మామూలు నీళ్లు పారనివ్వండి. సిరా, టూత్‌పేస్టు, పసుపు పూయకండి. బొబ్బ పెద్దదైనా, ముఖం మీదో చేతివేళ్ల మీదో కాలినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సీసా పగిలి నూనె ఒలికితే గాజుపెంకులు నూనెలో కనిపించవు. అక్కడ చేత్తో తుడిచే పని పెట్టుకోవద్దు. పెద్ద పెంకులను పట్టకారుతో తీసి, పొడి ఏదైనా దట్టంగా చల్లి, ముద్ద కట్టాక అట్టముక్కలతో చేటలోకి ఎత్తాలి. ఆ ముద్దను మందపాటి అట్టపెట్టెలో పెట్టి, పైన 'గాజు' అని రాసి పారేయండి. చెత్త తీసుకెళ్లేవాళ్లకూ చేతులున్నాయి.

ఇక నూనె పారకుండా ఆపడం. పాత లుంగీనో తువ్వాలునో తాడులా మెలిపెట్టి మడుగు చుట్టూ కట్టలా వేయండి. నేల ఎటు వాలుగా ఉందో ఆ వైపు ముందు వేయాలి. వంటగదుల్లో వాలు సాధారణంగా తూము వైపే ఉంటుంది కాబట్టి మొదటి కట్ట అక్కడే. ఒలికింది గట్టు మీదైతే గట్టు అంచున గుడ్డ అడ్డం పెట్టండి. లేకపోతే నూనె కింది అరల తలుపుల మీదుగా కారి అతుకుల్లోకి, లోపలి చెక్కలోకి పోతుంది, ఆ వాసన నెలల తరబడి వదలదు.

ఎత్తగలిగినంత ఎత్తేయండి

లీటరు నూనె ఒక మిల్లీమీటరు మందాన పరచుకుంటే సరిగ్గా ఒక చదరపు మీటరు నేలను కప్పుతుంది. చూడటానికి అది సముద్రంలా అనిపిస్తుంది కానీ అందులో చాలా భాగం ఎత్తి గిన్నెలో పోసుకోగలిగినదే. పిండికి తొందరపడకండి. పిండి పట్టి ఉంచేది సుమారుగా తన బరువంత నూనెను మాత్రమే. అర లీటరు నూనెను పిండితోనే పీల్పించాలంటే అర కిలో పిండి ఖర్చవుతుంది, పైగా అంత బురద ఎత్తిపోయాలి.

ప్లాస్టిక్ చేటను నేలకు ఆనించి పట్టుకొని, గట్టి అట్టముక్కతోనో దోసెలు తిప్పే ప్లాస్టిక్ అట్లకాడతోనో నూనెను అంచుల నుంచి మధ్యకు, మధ్య నుంచి చేటలోకి తోయండి. అంచుల నుంచి మధ్యకు అన్నది ముఖ్యం. మధ్య నుంచి బయటికి తోస్తే మడుగు పెరుగుతుంది. ఎత్తిన నూనెను పాత డబ్బాలో పోయండి. అది మళ్లీ వంటకు వద్దు. గుడ్డలో వడకట్టి పార, కొడవలి, గునపం లాంటి వాటికి తుప్పు పట్టకుండా రాసుకోవచ్చు.

నెయ్యి, డాల్డా, కొబ్బరినూనె ఒలికితే మరింత సులువు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలం ఉదయాల్లో అయితే తనంతట తానే గడ్డకడుతుంది, ఎండాకాలం అయితే ప్లాస్టిక్ కవర్లో ఐసుముక్కలు వేసి మూతి బిగించి ఆ మరక మీద పెట్టండి. గట్టిపడ్డాక పాత ఏటీఎం కార్డుతో గీకితే పొరలు పొరలుగా లేచి వస్తుంది. ఐసు కరిగిన నీరు మాత్రం కారకూడదు.

దేనితో పీల్పించాలి

దీపపు ఒత్తి ఒక చివర నూనెలో ఉంటే రెండో చివరిదాకా నూనె ఎలా ఎక్కుతుందో, పీల్చే పదార్థాలన్నీ అలాగే పని చేస్తాయి. సన్నని సందులు ఎన్ని ఎక్కువ ఉంటే నూనె అంత ఎక్కువ ఎక్కుతుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే, పోగు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. పొడిగా ఉండటం తప్పనిసరి. ఆ సందుల్లో ముందే నీరు చేరి ఉంటే నూనెకు చోటుండదు.

మొదటి దఫాకు నేను వార్తాపత్రికకే ఓటు వేస్తాను. దినపత్రిక కాగితం గరుకుగా, పూత లేకుండా ఉంటుంది. మెరిసే పత్రికల కాగితానికి పూత ఉంటుంది, అది నూనెను సరిగ్గా పీల్చదు. ఐదారు పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అరచేత్తో నొక్కి వదిలేయండి. రుద్దకండి. అడుగు కాగితం నూనె తాగి అద్దంలా అవతలి వైపు కనిపించేలా మారుతుంది. అప్పుడు రెండు మూలలు పట్టి మధ్యకు మడిచి ఎత్తేయండి. ఇలా రెండుమూడు సార్లు వేస్తే మిగిలేది పలుచని పొర మాత్రమే.

ఆ పొరకు పిండి. ఏ పిండి అన్నది చిన్న విషయం కాదు. మైదా నూనెను బాగానే పీలుస్తుంది, కానీ తర్వాత నీళ్లు తగిలితే జిగురవుతుంది. గోడల మీద పోస్టర్లు అంటించేది మైదా జిగురుతోనే కదా. రాళ్ల సందుల్లో ఆ జిగురు చేరితే దాన్ని వదిలించడం వేరే పని. బియ్యప్పిండికి ఆ గుణం లేదు, పొడిపొడిగా చీపురుకు వచ్చేస్తుంది. శనగపిండి ఇంకా మెత్తన, నూనెను చక్కగా పట్టుకుంటుంది. తలంటుకు ముందు ఒళ్లంతా నూనె పట్టించి సున్నిపిండితో రుద్దుకునే అలవాటు ఈ గుణాన్ని నమ్ముకున్నదే. తినే పిండి వృథా చేయాలని నేను చెప్పను. పురుగు పట్టినదో ముక్కవాసన వచ్చినదో ఒక డబ్బాలో వేసి 'నూనెకు' అని రాసి పక్కన పెట్టుకోండి, సరిపోతుంది.

చల్లే పద్ధతి కూడా ఉంది. అంచున ఒక వలయంలా చల్లి, తర్వాత లోపలికి రావాలి. పది, పదిహేను నిమిషాలు ఆగండి. శనగపిండి లేత పసుపు నుంచి తడిసిన ఇసుక రంగుకు మారుతుంది. మారిన చోటల్లా నూనె పట్టినట్టు, మారని చోట పని అయినట్టు. తర్వాత పొడి బ్రష్షుతోనో పాత చీపురుతోనో గుండ్రంగా రుద్దితే పిండి చిన్నచిన్న ఉండలు కడుతుంది. ఊడ్చేసి రెండోసారి పలుచగా చల్లండి. రెండో దఫా పిండి రంగు మారకుండా వదులుగా ఊడ్చుకు వస్తే ఇక కడగవచ్చు.

పిండి కాక ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయి. రంపపు పొట్టు మెకానిక్ షెడ్లలో ఎప్పటినుంచో వాడేది. కలప కోసే చోట అడిగితే బస్తా దొరుకుతుంది, వాకిలికీ పార్కింగ్‌కూ దాన్ని మించింది లేదు. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో చల్లారిన బూడిద మరీ మంచిది. అది నూనెను పీల్చడమే కాదు, అందులోని క్షారం జిడ్డును కొంత విరగ్గొడుతుంది కూడా. బూడిదతో అంట్లు తోమినప్పుడు జిడ్డు వదిలేది అందుకే. నిప్పు కణిక ఒక్కటి కూడా లేదని చూసుకొని చల్లండి, చేతులకు తొడుగు వేసుకోండి. ముగ్గుపిండి సిమెంటు వాకిలికి పనికొస్తుంది, మెరుపు టైల్స్ మీద రుద్దితే గీతలు పడే వీలుంది. తవుడు జోలికి పోవద్దు. పొట్టులా ఉంటుంది కాబట్టి పీలుస్తుందని అనుకుంటారు కానీ, అందులోనే 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది. తవుడు నూనె తీసేది దాని నుంచే.

ఇక నీళ్లు

గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చెంచాలు కలిపి, ముందు ఆ నీళ్లలో గుడ్డ ముంచి, నీళ్లు పిండేసి, ఆ గుడ్డతో తుడవండి. నేల మీద నేరుగా కుమ్మరించవద్దు. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి పొడిగుడ్డతో ఆరబెట్టండి. సబ్బు పొర మిగిలినా నేల జారుతుంది, నూనె పొర మిగిలినా జారుతుంది. రెండింటికీ తేడా తెలియాలంటే ఆరిన నేల మీద వార్తాపత్రిక ముక్క పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కి వెలుతురుకు ఎత్తి చూడండి. అవతలి వెలుగు కనిపించే మచ్చ పడితే నూనె ఇంకా ఉన్నట్టే, మరో దఫా పిండి చల్లండి.

కుంకుడుకాయలు ఇంట్లో ఉంటే అవీ చాలు. నాలుగైదు కాయలు చితక్కొట్టి వేడినీళ్లలో నానబెట్టి పిసికితే వచ్చే నురగ సబ్బు చేసే పనే చేస్తుంది. గింజ, తొక్క వడకట్టండి. లేత రంగు రాళ్ల మీద ఆ రసం ఎక్కువసేపు ఉంచితే గోధుమరంగు ఛాయ పడవచ్చు కాబట్టి వెంటనే తుడవండి.

పొద్దుతిరుగుడు, సోయా నూనెల విషయంలో మూలలు మరీ జాగ్రత్తగా చూడండి. ఇవి గాలి తగిలి మెల్లగా గట్టిపడి వార్నిష్‌లాంటి పసుపు జిగటగా మారే నూనెలు. స్టవ్ కాళ్ల కింద, గట్టు వెనక గోడ అంచున, సిలిండర్ పైపు చుట్టూ ఉన్న బంక అదే. అలా ముదిరిన జిగట సబ్బుకు లొంగదు. దాని మీద కాస్త తాజా నూనె రాసి అరగంట ఆగండి. పాత జిగట మెత్తబడుతుంది. అప్పుడు పిండి చల్లి రుద్ది, ఆ తర్వాత సబ్బు. జిడ్డు మీద మళ్లీ నూనె రాయడం వింతగా అనిపించినా చాలాచోట్ల పని చేసేది ఇదే.

మీ ఇంటి నేల ఏమిటి?

విట్రిఫైడ్ టైల్స్ అయితే బెంగ లేదు, అవి దాదాపు ఏమీ పీల్చవు. కష్టమంతా టైల్స్ మధ్య సందుల్లో వేసిన సిమెంటుది. పాత పళ్లబ్రష్షుతో అక్కడ వంటసోడా రుద్దండి.

తాండూరు బండలు, కడప బండలు, బేతంచర్ల రాళ్లు, పాలరాయి ఉన్న ఇళ్లవాళ్లు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. ఇవన్నీ సున్నపు జాతి రాళ్లు. ఆమ్లం తగిలితే పొంగి, పైపొర కరిగిపోతుంది. జిడ్డు పోతుందని నిమ్మచెక్కతో రుద్దడం, వెనిగర్ పోయడం, బాత్‌రూములు కడిగే యాసిడ్ వాడటం వీటి మీద చేయకూడదు. జిడ్డు పోతుందో లేదో కానీ మెరుగు మాత్రం పోతుంది, మళ్లీ పాలిష్ పట్టించేదాకా ఆ మచ్చ అలాగే ఉంటుంది. గిన్నెలు తోమే ద్రవం, వంటసోడా వీటికి సురక్షితం.

రాయిలోకి ఇంకిపోయిన నూనె వేరే సంగతి. పూజగదిలో దీపపు కుందె కింద పాలరాతి మీద పడిన గుండ్రటి నల్లమచ్చను చాలా ఇళ్లలో చూస్తుంటాం. ఎంత కడిగినా పోదు, ఎందుకంటే అది రాయి మీద లేదు, రాయి లోపల ఉంది. దానికి పట్టు వేయాలి. వంటసోడాను కొద్ది నీళ్లతో ఇడ్లీపిండి కంటే గట్టిగా కలిపి, మచ్చ కంటే రెండు వేళ్లు వెడల్పుగా, అర సెంటీమీటరు మందాన పరచండి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి అంచులకు టేపు వేయండి. ఒక రోజంతా అలా ఉంచి, ప్లాస్టిక్ తీసేసి పూర్తిగా ఆరనివ్వండి. ఆరుతున్నప్పుడే లోపలి నూనె పైకి, పట్టులోకి ఎక్కుతుంది. కాబట్టి తడిగా ఉండగానే తీసేస్తే చేసిన పని వృథా. ఎండిన ముద్దను ప్లాస్టిక్ ముక్కతో గీకి, తడిగుడ్డతో తుడవండి. పాత మచ్చ ఒక్క పట్టుకు పోదు, మూడునాలుగు వేయాల్సి రావచ్చు. ప్రతిసారీ కొంచెం లేతబడుతుంటే సరైన దారిలో ఉన్నట్టే. ముల్తానీ మట్టి కూడా ఈ పనికి చాలా మంచిదే కానీ దాని రంగు తెల్లరాయికి అంటవచ్చు, ముదురు రంగు గ్రానైట్ గట్టుకు వాడుకోండి. మచ్చ పోయాక కుందె కింద ఒక ఇత్తడి పళ్లెం పెట్టండి.

పాత ఇళ్లలో ఎర్ర గచ్చు ఉంటే కంగారు అవసరం లేదు. దానికి కొబ్బరినూనె పట్టించి మెరుగు తెచ్చేవాళ్లు. పైనున్నది పిండితో పీల్పించి పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే చాలు. మట్టి నేల అయితే నూనె ఇంకిన పొరను పారతో గీకి తీసి, మళ్లీ అలుక్కోవడమే.

ఆవకాయ జాడీ పగిలితే

ఇది నూనె సమస్య ఒక్కటే కాదు, రంగు సమస్య కూడా. నువ్వుల నూనెలో కారం, పసుపు, ఆవపిండి నానిన ఎర్రటి ఊట అది. ముక్కలనూ జాడీ పెంకులనూ ఎత్తి పడేయండి. పెంకులు కలిసిన పచ్చడిలో పైముక్కలైనా తీసి దాచుకోవాలని చూడకండి, ప్రాణం ఒప్పుకోకపోయినా సరే. ఊట మీద వెంటనే బియ్యప్పిండి దట్టంగా పోయండి. ఆలస్యం చేస్తే నూనె తనతో పాటు రంగును కూడా సందుల్లోకి మోసుకుపోతుంది. రెండు దఫాలు పీల్పించాక సబ్బునీళ్లు పెట్టగానే మరక ఉన్నట్టుండి ముదురు ఎరుపుకు మారవచ్చు. భయపడకండి. పసుపు క్షారానికి ఎర్రబడుతుంది, కుంకుమ తయారయ్యేది కూడా ఆ గుణంతోనే. మంచినీళ్లతో కడిగితే ఎరుపు తగ్గుతుంది. పసుపు ఛాయ మిగిలితే ఎండ తగిలేలా చూడండి. కిటికీ తెరలు తీసి ఉంచినా కొద్దిరోజుల్లో వెలిసిపోతుంది. బట్టల మీద పడిన పసుపుకూ ఎండే మందు.

బట్టల మీద పడితే

పట్టుచీర మీద నూనె చుక్క పడగానే అందరూ చేసే పని తడిచేత్తో రుద్దడం. దాంతో చుక్క కాస్తా అరచేయంత అవుతుంది. చీరను బల్ల మీద పరిచి, మరక కింద తెల్ల నూలుగుడ్డ పెట్టి, పైన ముల్తానీ మట్టో టాల్కం పౌడరో గుట్టగా పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లవారి మెత్తని బ్రష్షుతో నేత వెంట దులిపి, ఛాయ మిగిలితే మళ్లీ పోయండి. జరీ మీద బ్రష్షు వద్దు, ఊదితే చాలు. చాకలి సోడా పట్టుకు తగలనివ్వకండి, పోగును పాడుచేస్తుంది. నూలు బట్టలకు ఇంత జాగ్రత్త అక్కర్లేదు, పౌడర్ వేసి అరగంట ఆగి, గిన్నెలు తోమే ద్రవం చుక్క రుద్ది ఉతికితే పోతుంది. అయితే మరక పోయిందని రూఢి చేసుకున్నాకే ఇస్త్రీ చేయండి. వేడి తగిలితే మరక పోగుల్లో స్థిరపడిపోతుంది.

నీళ్ల మీద తేలే నూనె

తొట్టిలోనో బకెట్టులోనో నూనె పడితే పిండి, కాగితం, మామూలు గుడ్డ ఏవీ పనికిరావు. అవి నూనె కంటే ముందు నీటినే తాగేస్తాయి. ఇక్కడ నీటిని వద్దని నూనెను మాత్రమే పట్టే పదార్థం కావాలి. అలాంటివి మన ఇళ్లలోనే ఉన్నాయి. బూరుగు దూది పోగు మీద సహజంగా మైనపు పూత ఉంటుంది, లోపల బోలుగా ఉంటుంది. అందుకే నీటి మీద తేలుతూ తన బరువుకు ఎన్నో రెట్లు నూనె తాగుతుంది. పాత దిండు చింపితే కావలసినంత. గింజ తీసిన ముడి పత్తికీ అదే గుణం ఉంది. మందుల షాపులో కొన్న దూదికి మాత్రం ఉండదు, ఎందుకంటే నీటిని పీల్చాలని దానిలోని మైనాన్ని ముందే తీసేస్తారు. బట్టల షాపుల్లో ఇచ్చే గుడ్డలాంటి నాన్‌వోవెన్ సంచులు కూడా పనికొస్తాయి. వాటిని తయారుచేసే పాలీప్రొపిలీన్‌తోనే పరిశ్రమల్లో నూనె పీల్చే చాపలు చేస్తారు. సంచిని కత్తిరించి నీటి మీద పరిచి, మెల్లగా లాగి, పట్టిన నూనెను పిండేసి, అదే ముక్కను మళ్లీ పరచండి. తాగే నీళ్లలో డీజిలో ఇంజన్ ఆయిలో పడితే ఇలా తీసి వాడుకోవాలని చూడకండి, ఆ నీళ్లు పారబోయాల్సిందే.

సముద్రం మీద కూడా సూత్రం ఇదే. 2020లో తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మారిషస్ తీరంలో వకాషియో అనే ఓడ చిక్కుకొని సుమారు వెయ్యి టన్నుల నూనె కారినప్పుడు, అక్కడి జనం గుడ్డసంచుల్లో చెరకు ఆకు కూరి, పొడవాటి గొట్టాల్లా కుట్టి నీటి మీద అడ్డుకట్టలు వేశారు. ఇంట్లో మీరూ ఆ పద్ధతి వాడుకోవచ్చు. పాత ప్యాంటు కాలిలోనో మేజోడులోనో రంపపు పొట్టు నింపి రెండు వైపులా ముడి వేస్తే నూనెను ఆపుతూ పీల్చే కట్ట సిద్ధం. నూనె డబ్బాలు పెట్టే చోట ఒకటి ఉంచండి.

పార్కింగ్, రోడ్డు, పెట్రోలు

ఇంజన్ ఆయిల్ మరక మీద రంపపు పొట్టు గానీ పొడి ఇసుక గానీ పోసి, చెప్పుకాలితో తొక్కి తిప్పండి. నొక్కిడికి సిమెంటు రంధ్రాల్లోంచి నూనె పైకి వస్తుంది. రాత్రంతా ఉంచి ఊడ్చి, చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో గట్టి బ్రష్షుతో రుద్దండి. ఆ పొట్టును మొక్కల్లో వేయవద్దు, కాల్చవద్దు. మెకానిక్ షెడ్డులో పాత ఆయిల్‌ను తీసుకెళ్లేవాళ్లకు అప్పగించే ఏర్పాటు ఉంటే అక్కడ ఇచ్చిరండి.

రోడ్డు మలుపులో ఏ లారీ నుంచో నూనె కారి కనిపిస్తే, ద్విచక్ర వాహనాలు పడిపోకముందే దూరంగా ఒక పచ్చికొమ్మ అడ్డం పెట్టి, పక్కనున్న పొడి మట్టో ఇసుకో దట్టంగా పోయండి. వచ్చే బండ్లను ఆపడానికి ఇంకొకరు తోడుంటేనే రోడ్డు మీదికి దిగండి.

పెట్రోలు ఒలికితే ఈ వ్యాసంలో చెప్పినవన్నీ పక్కన పెట్టండి. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకి దూరాన ఉన్న నిప్పును అందుకుంటుంది. స్విచ్చులు వేయకండి, ఆపకండి. తలుపులు తెరిచి అందరూ బయటికి రండి. ఆరుబయట కొద్దిగా పడితే దాని మీద ఇసుక పోసి, నిప్పుకు దూరంగా ఆవిరైపోనివ్వండి.

పీల్చిన ముద్దను ఏం చేయాలి

నూనె పట్టిన పిండి, కాగితాలు సింకులో గానీ మరుగుదొడ్డిలో గానీ పడకూడదు. నూనె, పిండి కలిసి గొట్టంలో కట్టే గడ్డ ఊడదీయడం మనిషి తరం కాదు. లండన్‌లో 2017లో ఒక మురుగు కాలువలో ఇలాంటి కొవ్వు గడ్డ 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున బయటపడింది. అది తవ్వి తీయడానికి వారాలు పట్టింది. ముద్దను రెండుమూడు పొరల వార్తాపత్రికలో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేయండి. ప్లాస్టిక్ కవరులో కట్టి వీధిలో పడేస్తే నూనె వాసనకు ఆవులు కవరుతో సహా మింగేస్తాయి. ఇంటి వెనక ఎరువు గుంట ఉంటే వంటనూనె పట్టిన పిండిని కొద్దికొద్దిగా, ఎండుటాకులతో కలిపి వేయవచ్చు, ఒకేచోట కుప్ప పోస్తే గాలి ఆడక కుళ్లు వాసన వస్తుంది. హోటళ్లలో, పిండివంటలు చేసి అమ్మేవాళ్ల దగ్గర పోగయ్యే వాడిన నూనెకు మరో దారి ఉంది. దాన్ని సేకరించి బయోడీజిల్ తయారీకి పంపేందుకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2018లో రూకో పేరుతో ఏర్పాటు మొదలుపెట్టింది.

చివరగా గుడ్డలు. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి బుట్టలో పడేయడం నిజంగా ప్రమాదం. అవిసె నూనె అన్నిటికంటే ముందు, ఆ తర్వాత సోయా, పొద్దుతిరుగుడు. ఇవి గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తాయి. గుడ్డ మడతల్లో ఆ వేడి బయటికి పోలేక పెరిగి, నిప్పు తగలకుండానే అంటుకోవచ్చు. చెక్కసామాన్లకు అవిసె నూనె రాసేవాళ్లు ఈ విషయంలో ఏమరకూడదు. గుడ్డను ఆరుబయట తీగ మీద ఒకే పొరగా ఆరేయండి. మళ్లీ వాడేదైతే అదే రోజు చాకలి సోడా వేసిన వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి రెండుసార్లు ఉతకండి. ఉతికినా జిడ్డు వాసన వదలని గుడ్డను వేడిగాలి డ్రయర్‌లో వేయకండి, ఎండలోనే ఆరనివ్వండి.